వాక్యూమ్ ఎందుకు పడిపోయింది?
కండెన్సర్, వాక్యూమ్ పంపులలో లోపం కనిపెట్టే పద్ధతి



మన హాస్టల్ వార్షికోత్సవ సంచికలో కథలు, కవితలు, పాత జ్ఞాపకాలు ఎప్పుడూ ఉంటాయి. ఈసారి చదువుకూ ఉద్యోగానికీ పనికివచ్చే పాఠం ఒకటి రాయమని సంపాదకవర్గం వారు మమ్మల్ని అడిగారు. మేము ముగ్గురం ఈ హాస్టల్ అన్నం తిని చదువుకున్నవాళ్ళమే. ఒకరం ఐ.టి.ఐ. ఫిట్టరు, ఇద్దరం మెకానికల్ డిప్లొమా. ముగ్గురమూ ఆవిరి టర్బైన్లు నడిచే ప్లాంట్లలో పని నేర్చుకున్నాం. కనుక మాకు తెలిసిన పనినే పాఠంగా రాస్తున్నాం. తొమ్మిది, పది తరగతుల వాళ్ళకు భౌతికశాస్త్రం పాఠంగా ఉపయోగపడుతుంది. ఐ.టి.ఐ., పాలిటెక్నిక్ చదివే వాళ్ళకు ఇంటర్వ్యూలో ఉపయోగపడుతుంది. ఇప్పటికే ప్లాంటులో పనిచేస్తున్న వాళ్ళకు రేపటి షిఫ్టులోనే ఉపయోగపడవచ్చు.

కండెన్సర్ ఎందుకు?

హాస్టల్ వంటగదిలో అన్నం ఉడికేటప్పుడు గుండిగ మీద మూత తీసి చూడండి. మూత లోపలివైపు నీటి చుక్కలు ఉంటాయి. వేడి ఆవిరి చల్లటి మూతకు తగిలి మళ్ళీ నీరయింది. దీన్నే సాంద్రీకరణం అంటారని మీ పుస్తకంలో ఉంది. కండెన్సర్ చేసే పని ఇదే. తేడా అల్లా ఏమిటంటే, అక్కడ మూతకు బదులు వేలాది సన్నటి ట్యూబులు ఉంటాయి. ట్యూబుల లోపల చల్లటి నీరు, బయట ఆవిరి.

ఆవిరి నీరైనప్పుడు ఎంత కుంచించుకుపోతుందో చూడండి. 46 డిగ్రీల సెల్సియస్ దగ్గర, 0.1 బార్ పీడనంలో ఒక కిలో ఆవిరి సుమారు 14,700 లీటర్ల చోటు ఆక్రమిస్తుంది. అదే ఆవిరి నీరైతే ఒక్క లీటరు. అంత చోటు ఒక్కసారిగా ఖాళీ అయితే అక్కడ పీడనం బాగా తగ్గిపోతుంది. దాన్నే వాడుకలో వాక్యూమ్ అంటాం. టర్బైన్ లోకి ఒకవైపు ఎక్కువ పీడనంతో ఆవిరి వస్తుంది. రెండోవైపు కండెన్సర్ లో పీడనం ఎంత తక్కువ ఉంటే ఆవిరి అంత ఎక్కువ పని చేసి బయటికి పోతుంది. వాక్యూమ్ తగ్గితే అదే బొగ్గుకు తక్కువ కరెంటు వస్తుంది. మరీ తగ్గితే టర్బైన్ దానంతట అదే ఆగిపోతుంది.

ఈ ఆలోచన జేమ్స్ వాట్ ది. స్కాట్లండులోని గ్లాస్గో విశ్వవిద్యాలయంలో పరికరాలు బాగుచేసే పనిలో ఉండగా ఆయన దగ్గరికి న్యూకోమెన్ ఆవిరి యంత్రం నమూనా ఒకటి మరమ్మతుకు వచ్చింది. ఆ యంత్రంలో ఆవిరిని సిలిండరులోనే చల్లబరిచేవారు. ప్రతిసారీ సిలిండరు చల్లబడడం, మళ్ళీ వేడెక్కడం వల్ల బొగ్గు చాలా వృథా అయ్యేది. ఆవిరిని వేరే పాత్రలోకి తీసుకుపోయి అక్కడ చల్లబరచాలని వాట్ కు 1765 లో తట్టింది. 1769 లో పేటెంటు వచ్చింది. ఆ వేరే పాత్రే కండెన్సర్. దానికి తోడు గాలిని, నీటిని లాగివేసే ఒక పంపును కూడా ఆయన పెట్టవలసి వచ్చింది. అంటే కండెన్సరూ, వాక్యూమ్ పంపూ మొదటి నుంచీ జంటగానే ఉన్నాయి.

పంపు దేనికి?

ఆవిరి నీరవుతుంది గానీ గాలి నీరు కాదు. కండెన్సర్ లో పీడనం బయటి పీడనం కంటే తక్కువ కాబట్టి ఎక్కడ సందు దొరికితే అక్కడ బయటి గాలి లోపలికి వస్తుంది. వచ్చిన గాలి ట్యూబుల చుట్టూ దుప్పటిలాగా కప్పుకుంటుంది. ఆవిరి ట్యూబును తాకలేదు, వేడిని ఇవ్వలేదు. పైగా గాలి తన పాక్షిక పీడనాన్ని కూడా కలుపుతుంది. అందుకే గాలిని ఎప్పటికప్పుడు బయటికి తోడేయాలి. ఆ పని వాక్యూమ్ పంపు గానీ, ఆవిరి ఎజెక్టర్ గానీ చేస్తుంది.

ఇక్కడ ఒక ముఖ్యమైన సంగతి. వాక్యూమ్ ను తయారుచేసేది ప్రధానంగా ఆవిరిని చల్లబరిచే నీరు. పంపు ఆ వాక్యూమ్ ను కాపాడుతుంది. చాలామంది వాక్యూమ్ తగ్గగానే వాక్యూమ్ పంపు పాడైందని దాన్ని విప్పడానికి పరుగెడతారు. మా అనుభవంలో పంపు బాగానే ఉండి, లోపం వేరేచోట ఉండడమే ఎక్కువ.

ముందుగా గేజిని అనుమానించండి

డాక్టరు దగ్గరికి వెళితే ముందు థర్మామీటరు విదిలించి చూసే రోజులు మన పెద్దలకు గుర్తుంటాయి. మన పని కూడా అక్కడే మొదలు. రెండు గేజిలు ఉంటే రెండూ ఒకే మాట చెబుతున్నాయా? గేజికి వెళ్ళే సన్నటి గొట్టంలో నీరు చేరిందా? నీరు చేరితే గేజి తప్పు చూపుతుంది.

ఇంకో చిక్కు ఉంది. వాక్యూమ్ గేజి చూపేది బయటి గాలి పీడనానికీ, లోపలి పీడనానికీ మధ్య తేడాను. సముద్రమట్టం దగ్గర బయటి పీడనం 760 మిల్లీమీటర్ల పాదరసం. అక్కడ గేజి 676 చూపితే లోపలి అసలు పీడనం 760 లోంచి 676 తీసేస్తే 84 మి.మీ. సుమారు 540 మీటర్ల ఎత్తున ఉన్న హైదరాబాదులో బయటి పీడనమే సుమారు 712 మి.మీ. అక్కడ గేజి అదే 676 చూపితే లోపల 36 మి.మీ. మాత్రమే. విశాఖలో చెడ్డ అంకె హైదరాబాదులో చాలా మంచి అంకె. కాబట్టి ఎప్పుడూ అసలు పీడనం, అనగా పరమ పీడనం లెక్కలోనే మాట్లాడుకోవాలి.

ఈ పరమ పీడనం నుంచి సంతృప్త ఉష్ణోగ్రత తెలుస్తుంది. ఏ పీడనంలో ఆవిరి ఏ ఉష్ణోగ్రత దగ్గర నీరవుతుందో ఆవిరి పట్టికలో ఉంటుంది. మనకు కావలసిన కొన్ని అంకెలు సుమారుగా ఇవి. నోటు పుస్తకంలో రాసుకోండి.

30 డిగ్రీలు – 32 మి.మీ.
35 డిగ్రీలు – 42 మి.మీ.
40 డిగ్రీలు – 55 మి.మీ.
43 డిగ్రీలు – 65 మి.మీ.
45 డిగ్రీలు – 72 మి.మీ.
48 డిగ్రీలు – 84 మి.మీ.
50 డిగ్రీలు – 92 మి.మీ.

నాలుగు ఉష్ణోగ్రతలు, మూడు తీసివేతలు

రోగి నాడి చూసినట్టు కండెన్సర్ దగ్గర నాలుగు ఉష్ణోగ్రతలు చూడాలి.

ఒకటి: చల్లటి నీరు కండెన్సర్ లోకి వచ్చేటప్పటి ఉష్ణోగ్రత.
రెండు: అదే నీరు బయటికి పోయేటప్పటి ఉష్ణోగ్రత.
మూడు: లోపలి పీడనానికి తగిన సంతృప్త ఉష్ణోగ్రత.
నాలుగు: అడుగున హాట్‌వెల్ లో చేరిన నీటి ఉష్ణోగ్రత.

వీటితో మూడు తీసివేతలు చేయాలి. మూడో తరగతి లెక్కలు వస్తే చాలు.

మొదటి తీసివేత: బయటికి పోయే నీటిలోంచి లోపలికి వచ్చే నీటిని తీసేస్తే నీరు ఎంత వేడెక్కిందో తెలుస్తుంది. టర్బైన్ లోడు మారకుండా ఈ తేడా పెరిగిందంటే నీరు తగ్గిందని అర్థం. ఒక టన్ను ఆవిరిని నీరు చేయడానికి, నీరు 9 డిగ్రీలు వేడెక్కే లెక్కన, సుమారు 60 టన్నుల చల్లటి నీరు కావాలి. అందుకే నీరు ఏ కాస్త తగ్గినా వెంటనే తెలిసిపోతుంది.

రెండో తీసివేత: సంతృప్త ఉష్ణోగ్రతలోంచి బయటికి పోయే నీటి ఉష్ణోగ్రత తీసేయాలి. ఇది పెరిగిందంటే ట్యూబు గోడ దాటి వేడి సరిగా పోవడం లేదు. ట్యూబు లోపల మురికి అయినా ఉండాలి, బయట గాలి దుప్పటి అయినా ఉండాలి.

మూడో తీసివేత: సంతృప్త ఉష్ణోగ్రతలోంచి హాట్‌వెల్ నీటి ఉష్ణోగ్రత తీసేయాలి. మామూలుగా ఇది చాలా తక్కువ. బాగా పెరిగిందంటే లోపల గాలి చేరింది. లేదా హాట్‌వెల్ లో నీటి మట్టం పెరిగి కింది ట్యూబులు మునిగిపోయాయి. మట్టం చూపే గాజు గొట్టాన్ని చూస్తే ఈ రెండింటిలో ఏదో తేలిపోతుంది.

గేజి ఒకటే, జబ్బులు నాలుగు

ఒక ఉదాహరణ లెక్క చేద్దాం. సముద్రమట్టం దగ్గర ఉన్న ప్లాంటు అనుకోండి. అంతా బాగున్న రోజు అంకెలు ఇవి: వచ్చే నీరు 30, పోయే నీరు 39, సంతృప్తం 43, హాట్‌వెల్ 42.5. పరమ పీడనం 65 మి.మీ., గేజి 695. మూడు తీసివేతలు వరుసగా 9, 4, అర డిగ్రీ.

ఇప్పుడు గేజి 676 కు పడింది. పరమ పీడనం 84, సంతృప్తం 48. లోడు మారలేదు. ఈ ఒక్క అంకె వెనక నాలుగు వేరు వేరు కారణాలు ఉండవచ్చు.

మొదటి కేసు. వచ్చే నీరు 30, పోయే నీరు 44, హాట్‌వెల్ 47.5. నీరు 9 కి బదులు 14 డిగ్రీలు వేడెక్కింది. తొమ్మిదిని పద్నాలుగుతో భాగిస్తే 0.64. అంటే నీరు మూడో వంతుకు పైగా తగ్గింది. పంపు, వాల్వు, స్క్రీన్, వాటర్ బాక్స్ పైభాగంలో చేరిన గాలి, ట్యూబుల మూతికి అడ్డం పడిన చెత్త చూడాలి.

రెండో కేసు. వచ్చే నీరు 35, పోయే నీరు 44, హాట్‌వెల్ 47.5. తేడా 9, 4, అర. బాగున్న రోజు తేడాలే. కండెన్సర్ కు ఏ రోగమూ లేదు. వచ్చే నీరే వేడిగా ఉంది. ఎండాకాలం కావచ్చు, కూలింగ్ టవర్ ఫ్యాను ఆగి ఉండవచ్చు. కండెన్సర్ విప్పితే శ్రమ దండగ.

మూడో కేసు. వచ్చే నీరు 30, పోయే నీరు 39, హాట్‌వెల్ 47.5. నీరు సరిపడా ఉంది. రెండో తీసివేత 4 నుంచి 9 కి పెరిగింది. మూడోది మారలేదు. ట్యూబులలో మురికి పట్టింది.

నాలుగో కేసు. వచ్చే నీరు 30, పోయే నీరు 39, హాట్‌వెల్ 42. రెండో తీసివేత 9, మూడోది 6. హాట్‌వెల్ మట్టం మామూలే. లోపలికి గాలి వస్తోంది, లేదా వచ్చిన గాలిని పంపు తోడలేకపోతోంది.

అసలు ప్లాంటులో అంకెలు ఇంత శుభ్రంగా విడిపోవు. రెండు లోపాలు కలిసి కూడా రావచ్చు. అప్పుడు ఇంకో మూడు ప్రశ్నలు వేసుకోవాలి. వాక్యూమ్ ఒక్కసారిగా పడిందా, రోజుల తరబడి మెల్లగా తగ్గిందా? ఒక్కసారిగా పడితే గాలి గానీ నీరు గానీ, మెల్లగా తగ్గితే మురికి కావచ్చు. లోడు తగ్గించినప్పుడు ఏమవుతోంది? మురికి వల్ల అయితే లోడు తగ్గగానే కొంత తెరిపి ఇస్తుంది. గాలి వల్ల అయితే తక్కువ లోడులో ఇంకా ఇబ్బంది పెట్టవచ్చు. ఎందుకంటే అప్పుడు టర్బైన్ లోని మరికొన్ని భాగాలు కూడా బయటి పీడనం కంటే తక్కువకు వస్తాయి. మూడోది, స్టాండ్‌బై వాక్యూమ్ పంపు కూడా నడిపితే వాక్యూమ్ మెరుగుపడిందా? మెరుగుపడితే గాలి సమస్యే. ఏమీ మారకపోతే మురికి వైపు చూడాలి.

అంకె ఎవరిని కాపాడింది?

ఈ తీసివేతలు ఎందుకు ముఖ్యమో చెప్పడానికి మాలో ఒకరు పనిచేసిన ప్లాంటులో జరిగిన సంగతి చెబుతాం. ప్లాంటు పేరు ఇక్కడ అవసరం లేదు.

ఒక రాత్రి షిఫ్టులో రెండు గంటలకు వాక్యూమ్ దిగడం మొదలైంది. నాలుగున్నరకల్లా దాదాపు ఇరవై మిల్లీమీటర్లు పోయింది. లోడు తగ్గించవలసి వచ్చింది. పొద్దున మీటింగులో వచ్చిన మొదటి మాట, "పంపుహౌస్ లో ఎవడున్నాడు?" అని. అక్కడ ఉన్నది కాంట్రాక్టు మీద పనిచేసే ఒక హెల్పరు. పదో తరగతి వరకు చదువుకున్నవాడు. నిద్రపోయి ఉంటాడు, స్క్రీన్ కు చెత్త అడ్డుపడినా చూసుకోలేదు, నీళ్ళు తగ్గాయి అని తేల్చేశారు. అతన్ని రేపటి నుంచి పంపవద్దని కాంట్రాక్టరుకు కబురు కూడా వెళ్ళింది.

అప్పుడు షిఫ్టు ఇంజనీరు ఒకాయన లాగ్ షీట్లు తెప్పించారు. ఆ హెల్పరు గంట గంటకూ పంపు పీడనం, మోటారు ఆంపియర్లు తన చేత్తో రాశాడు. అంకెలు అన్నీ ఒక్కలాగే లేవు. ప్రతి గంటా కాస్త అటూ ఇటూ ఉన్నాయి. నిజంగా చూసి రాసిన అంకెలు అలాగే ఉంటాయి. కంట్రోల్ రూమ్ షీటులో లోడు తగ్గించక ముందు నాలుగు గంటల రీడింగు: వచ్చే నీరు 30, పోయే నీరు 39. రాత్రి పది గంటలకూ అంతే. లోడు ఒకటే, తేడా ఒకటే. అంటే నీరు తగ్గలేదు. పంపుహౌస్ లో ఏ తప్పూ జరగలేదు. హాట్‌వెల్ నీరు మాత్రం సంతృప్తం కంటే ఆరు డిగ్రీలు చల్లగా ఉంది. మీరు పైన చేసిన నాలుగో కేసు లెక్కే ఇది.

గాలి కోసం వెతికారు. నడవకుండా ఉన్న స్టాండ్‌బై కండెన్సేట్ పంపు గ్లాండుకు సీల్ వాటర్ అందడం లేదు. సీల్ వాటర్ గొట్టం మూసుకుపోయింది. పంపు ఆగి ఉన్నా దాని సక్షన్ కండెన్సర్ తోనే కలిసి ఉంటుంది కాబట్టి గ్లాండు గుండా గాలి లోపలికి పోతోంది. గొట్టం శుభ్రం చేసి నీరు వదిలాక అరగంటలో వాక్యూమ్ తిరిగి వచ్చింది. ఆ హెల్పరు సాయంత్రం డ్యూటీకి వచ్చాడు.

తమ్ముళ్ళూ, లోపం ఎక్కడుందో తెలియనప్పుడు నింద అన్నిటికంటే కింద ఉన్న మనిషి మీదికి పోతుంది. ఆ చోట రేపు మీరు ఉండవచ్చు. అతని తరఫున మాట్లాడడానికి ఆ గదిలో యూనియన్ నాయకుడు లేడు, బంధువు లేడు. అతను రాసిన అంకెలు ఉన్నాయి. కొందరు షిఫ్టు చివర ఒకేసారి కూర్చుని ఎనిమిది గంటల రీడింగులూ నింపేస్తారు. అతనూ అలా చేసి ఉంటే ఆ కాగితం ఎవరూ నమ్మేవారు కాదు.

గాలి ఎక్కడ నుంచి వస్తుంది?

పొలంలో ఆయిల్ ఇంజను సక్షన్ పైపు మీరు చూసే ఉంటారు. జాయింటు దగ్గర సందు ఉంటే నీరు బయటికి కారదు. గాలి లోపలికి పోతుంది, నీరు ఎక్కదు. చూస్తే అంతా పొడిగా, బాగున్నట్టే ఉంటుంది. అందుకే మన నాన్నలు జాయింటుకు సైకిలు ట్యూబు ముక్క చుట్టి, బంకమట్టి మెత్తుతారు. కండెన్సర్ గాలి లీకు కూడా ఇలాగే కంటికి కనబడదు.

వెతకవలసిన చోట్లు వరుసగా ఇవి: టర్బైన్ గ్లాండులకు వెళ్ళే సీలింగ్ ఆవిరి పీడనం, వాక్యూమ్ బ్రేకర్ వాల్వు, కండెన్సేట్ పంపుల గ్లాండులు, కండెన్సర్ కు కలిసే వాల్వుల గ్లాండులు, ఫ్లాంజి జాయింట్లు, గేజి గ్లాసులు, టర్బైన్ కూ కండెన్సర్ కూ మధ్య ఉండే ఎక్స్‌పాన్షన్ జాయింటు, సగం తెరిచి మరచిపోయిన డ్రెయిన్ వాల్వులు. నిన్న మొన్న ఎక్కడ పని జరిగిందో పర్మిట్ పుస్తకంలో చూస్తే సగం వెతుకులాట తగ్గుతుంది.

వెతికే పద్ధతులు కొన్ని. అనుమానం ఉన్న జాయింటు మీద సబ్బు నురగ గానీ, షేవింగ్ క్రీము గానీ పూస్తే లీకు ఉన్నచోట లోపలికి లాక్కుపోతుంది. పెద్ద ప్లాంట్లలో హీలియం వాయువును జాయింట్ల దగ్గర వదిలి, వాక్యూమ్ పంపు బయటికి వదిలే గాలిలో హీలియం వచ్చిందా అని పరికరంతో చూస్తారు. పూర్వం కొవ్వొత్తి మంటతో చూసేవారు. హైడ్రోజన్ తో చల్లబరిచే జనరేటర్లు ఉన్నచోట, నూనె గొట్టాల దగ్గర మంట పట్టుకోవడం ప్రాణాపాయం. ఆ పద్ధతి మరచిపోండి. షట్‌డౌన్ లో కండెన్సర్ ఆవిరి వైపు నీరు నింపి, ఎక్కడ కారుతుందో చూడడం నమ్మకమైన పద్ధతి. కండెన్సర్ స్ప్రింగుల మీద నిలబడి ఉంటే ఆ నీటి బరువుకు ముందుగా జాకీలు బిగించాలి.

లీకు మొత్తం ఎంత ఉందో తెలియడానికి ఒక పరీక్ష ఉంది. స్థిరమైన లోడులో, ఇంజనీరు సమక్షంలో, గాలి తోడే లైను వాల్వు మూసి, నిమిషానికి వాక్యూమ్ ఎన్ని మిల్లీమీటర్లు పడుతుందో రాస్తారు. ఓవర్‌హాల్ తర్వాత మొదటిసారి వచ్చిన అంకెతో పోల్చి చూస్తారు. అలారం దగ్గరికి వస్తే వెంటనే వాల్వు తెరవాలి.

వాక్యూమ్ పంపు జబ్బులు

ఎక్కువ ప్లాంట్లలో ఉండేది లిక్విడ్ రింగ్ పంపు. గుండ్రటి కేసింగులో రెక్కల ఇంపెల్లరు నడిమధ్యన కాకుండా కాస్త పక్కకు బిగించి ఉంటుంది. అది తిరిగితే లోపలి నీరు అంచుకు చేరి ఉంగరంలా తిరుగుతుంది. రెక్కల మధ్య గదులు ఒకవైపు పెద్దవై గాలిని పీలుస్తాయి, రెండోవైపు చిన్నవై గాలిని బయటికి నెడతాయి. అంటే ఈ పంపులో పిస్టను పని చేసేది నీరే. ఆ నీటినే సీల్ వాటర్ అంటారు.

ఇప్పుడు పైన రాసుకున్న పట్టిక తీయండి. సీల్ వాటర్ 45 డిగ్రీలు ఉంటే 72 మి.మీ. దగ్గర అది మరగడం మొదలుపెడుతుంది. ఇక పంపు ఎంత తిరిగినా అంతకంటే కిందికి పోలేదు. తన నీటి ఆవిరినే తాను తోడుకుంటూ ఉంటుంది. డబ్బాలో గులకరాళ్ళు వేసి ఊపినట్టు శబ్దం వస్తుంది. అదే కేవిటేషన్. అలాగే వదిలేస్తే ఇంపెల్లరు తినివేయబడుతుంది. అప్పుడు విప్పవలసింది పంపును కాదు, సీల్ వాటర్ కూలరును. అందులో పాచి, బురద పట్టి ఉంటుంది. ఎండాకాలంలో ఈ ఫిర్యాదు ఎక్కువ.

మిగతావి తొందరగా చెబుతాం. సీల్ వాటర్ తక్కువైతే ఉంగరం పలచబడి గాలి వెనక్కి జారుతుంది. స్ట్రెయినరు చూడండి. సీల్ వాటర్ మరీ ఎక్కువైతే మోటారు ఆంపియర్లు పెరుగుతాయి. మోటారు రీవైండింగు అయి వచ్చాక వాక్యూమ్ రాకపోతే తిరిగే దిక్కు చూడండి. రెండు ఫేజులు తారుమారైతే పంపు వెనక్కి తిరుగుతుంది. ఆగి ఉన్న పంపు సక్షన్ వాల్వు సరిగా మూసుకోకపోతే నడిచే పంపు దాని గుండా బయటి గాలినే పీలుస్తూ ఉంటుంది.

ఆవిరి ఎజెక్టరులో తిరిగే భాగాలు లేవు. సన్నటి నాజిల్ నుంచి మహావేగంగా వచ్చే ఆవిరి గాలిని తనతో లాక్కుపోతుంది. చక్కెర ఫ్యాక్టరీలలోనూ, పాత పవర్ ప్లాంట్లలోనూ వీటిని చూడవచ్చు. వీటికి వచ్చే జబ్బులు ప్రధానంగా నాలుగు: ఆవిరి పీడనం చాలకపోవడం, ఆవిరిలో తడి ఉండడం, నాజిల్ రంధ్రం అరిగి పెద్దదవడం లేదా పొక్కు పట్టి మూసుకుపోవడం, రెండు దశల మధ్య ఉండే చిన్న కండెన్సర్ డ్రెయిన్ లైనులో నీటి సీలు పోవడం. ఈ చివరిది జరిగితే తోడిన గాలే తిరిగి కండెన్సర్ లోకి వస్తుంది. ఆ లైనులో నీరు నింపితే సరిపోతుంది.

ట్యూబుల మురికి గురించి ఒక్క మాట. నది నీటిలో బురద, పాచి, నత్తగుల్లలు, ఈ రోజుల్లో ప్లాస్టిక్ సంచులు. సముద్రపు నీటిలో ఆల్చిప్పల జాతి జీవులు. క్లోరిన్ మోతాదు సరిగా వేయడం, నడుస్తుండగానే స్పాంజి బంతులు పంపి ట్యూబులు తుడిచే ఏర్పాటు, షట్‌డౌన్ లో బ్రష్షులతో శుభ్రం చేయడం దీనికి మందు. ట్యూబుకు చిల్లి పడితే మాత్రం చల్లబరిచే నీరు ఆవిరి వైపుకు పోయి బాయిలరు నీటినే పాడుచేస్తుంది. కండెన్సేట్ కండక్టివిటీ పెరగడం దానికి గుర్తు.

ప్రాణం ముందు, వాక్యూమ్ తరవాత

మూడు నియమాలు మీరు ఎవరి మాట విన్నా మీరవద్దు.

ఒకటి. వాక్యూమ్ బాగా తగ్గితే టర్బైన్ ను ఆపే ట్రిప్ ఉంటుంది. చివరి దశ రెక్కలు వేడెక్కి, అదిరి విరగకుండా, కండెన్సర్ లో పీడనం పెరగకుండా అది కాపాడుతుంది. "కాసేపు బైపాస్ చెయ్యి" అని ఎవరన్నా చేయవద్దు.

రెండు. వాటర్ బాక్స్ లోకి గానీ, కండెన్సర్ లోపలికి గానీ దిగేముందు వాల్వులు మూసి తాళం వేశారా, మోటారు కరెంటు తీసి ట్యాగు కట్టారా, లోపలి గాలిలో ఆక్సిజన్ కనీసం 19.5 శాతం ఉందని పరికరంతో కొలిచారా, రాతపూర్వక పర్మిట్ ఇచ్చారా చూసుకోండి. బయట ఒక మనిషి మీరు వచ్చేదాకా కదలకుండా ఉండాలి. లోపలికి తీసుకుపోయే దీపం 24 వోల్టులకు మించకూడదు. 1948 ఫ్యాక్టరీల చట్టం కాలం నుంచీ ఉన్న నియమం ఇది. కాంట్రాక్టు మనిషికి కూడా ఇవన్నీ వర్తిస్తాయి. పర్మిట్ అడగడం ఎదురు మాట్లాడడం కాదు.

మూడు. లోపల ఒకరు పడిపోతే ఆలోచించకుండా వెంట దూకకండి. కేక వేయండి, సేఫ్టీ వాళ్ళను పిలవండి. శ్వాస పరికరం లేకుండా వెళ్ళిన రెండో మనిషి కూడా అక్కడే పడిపోతాడు.

మీరే చేయండి

1. వచ్చే నీరు 32, పోయే నీరు 41, సంతృప్తం 50, హాట్‌వెల్ 49.5. బాగున్న రోజు తేడాలు 9, 4, అర. లోపం ఏమిటి?
2. సీల్ వాటర్ 40 డిగ్రీలు. కండెన్సర్ లో 50 మి.మీ. పరమ పీడనం ఈ పంపుతో సాధ్యమా?
3. బయటి పీడనం 712 మి.మీ. ఉన్నచోట గేజి 640 చూపుతోంది. సంతృప్త ఉష్ణోగ్రత ఎంత?
4. నీరు వేడెక్కే తేడా 9 నుంచి 12 కు పెరిగింది. లోడు మారలేదు. నీరు ఎంత తగ్గింది?

జవాబులు: 1. ట్యూబులలో మురికి. తీసివేతలు 9, 9, అర వస్తాయి. 2. సాధ్యం కాదు. 40 డిగ్రీల నీరు 55 మి.మీ. దగ్గరే మరుగుతుంది. 3. పరమ పీడనం 72, కనుక 45 డిగ్రీలు. 4. నాలుగో వంతు.

నాలుగూ సరిగా చేసిన వాళ్ళు ఏ టర్బైన్ ఇంటర్వ్యూలోనైనా ఈ విషయం మీద ధైర్యంగా మాట్లాడవచ్చు. తప్పు వచ్చిన వాళ్ళు "నాలుగు ఉష్ణోగ్రతలు" అన్న భాగం మళ్ళీ ఒకసారి చదవండి, మీ ట్యూటరు గారిని అడగండి. పూర్వ విద్యార్థుల సమావేశం రోజున మేము హాస్టల్ లోనే ఉంటాం. పుస్తకం, పెన్ను పట్టుకుని రండి, కూర్చుని చేద్దాం.

మీ అందరికీ వార్షికోత్సవ శుభాకాంక్షలు.